రెండుసార్లు కోసినా మానని గడ్డ

పాప పాలు మానేసిన రెండేళ్లకు, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. వారం తిరక్కుండానే పైచర్మం ఎర్రబడి, బట్ట తగిలినా ఓర్చుకోలేనంత సలుపు మొదలైంది. చీము గడ్డ అన్నారు. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గకపోతే కోసి చీము తీశారు. నెల గడిచేసరికి పక్కనే ఇంకొకటి లేచింది. మళ్లీ కోశారు. ఈసారి కోసిన చోటు మూసుకోనే లేదు. పొద్దున కట్టిన కట్టు మధ్యాహ్నానికల్లా తడిసిపోయేది. పాప ఎత్తుకోమని వస్తే కుడివైపుకే తీసుకునేదాన్ని.

అప్పటిదాకా ముక్క తీసి పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. స్కాన్‌లో గడ్డ అంచులు సరిగా లేవు, చంకలో గ్రంథులు ఉబ్బి ఉన్నాయి, క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి అన్నారు. అప్పుడు గానీ సూదితో బయాప్సీ జరగలేదు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

క్యాన్సర్ కాదు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని రాసి ఉంది. అమ్మ ఏడ్చేసింది. నేనైతే ఆ పేరు పలకడమే రాక కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. వైద్యులు దీన్ని విడి జబ్బుగా గుర్తించి రాసింది 1972లో. రొమ్ములో పాలు తయారయ్యే చిన్న గుత్తుల చుట్టూ రక్షణ కణాలు గుంపుకట్టి వాపు తెస్తాయి. కాన్పయిన కొన్నేళ్లలోపు వాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటి వాపును కోసి వదిలేస్తే ఆ కోతే మానని పుండై కూర్చోవచ్చని డాక్టరు చెప్పినప్పుడు నా రెండు మచ్చలూ గుర్తొచ్చాయి.

వెంటనే మందు ఇవ్వలేదు. మైక్రోస్కోపు కింద క్షయ కూడా దాదాపు ఇలాగే కనిపిస్తుందట. క్షయ ఉండగా స్టెరాయిడ్ ఇస్తే అది విజృంభిస్తుంది. అందుకని క్షయ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష ఫలితం కోసం వారాల తరబడి ఆగాం. చీము కారుతుంటే ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో! అయినా ఆగమన్నందుకు ఆ డాక్టరుకు రుణపడి ఉంటాను.

ఈలోగా ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకున్నాం. గడ్డ మొత్తాన్ని చుట్టూ మంచి కణజాలంతో సహా తీసేయొచ్చు, త్వరగా తేలిపోతుంది అన్నారాయన. మళ్లీ రాదా అని అడిగితే, రాదని మాట ఇవ్వలేనన్నారు. వాపు అప్పటికే రొమ్ములో మూడో వంతు ఆక్రమించింది. ముందు మందుతో దాన్ని కుదించి, అప్పటికీ మిగిలితే ఆపరేషన్ సంగతి చూద్దామని మొదటి డాక్టరు అన్న మాటే నాకు సరైనదనిపించింది. చిన్న గడ్డ ఒక్కచోటే ఉండి ఉంటే బహుశా ఆపరేషన్‌కే ఒప్పుకునేదాన్ని.

క్షయ కాదని తేలాక, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 30 మిల్లీగ్రాములతో మొదలైంది. రెండు వారాల్లో ఎరుపు తగ్గింది, సలుపు పోయింది. కానీ ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టేది కాదు, షుగర్ కాస్త పెరిగింది. డోసు కొంచెం కొంచెంగా దించుకుంటూ 10కి వచ్చేసరికి గడ్డ మళ్లీ తల ఎత్తింది. ఆ రోజు నిజంగా కుంగిపోయాను.

అప్పుడు రక్షణ కణాల జోరు తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందు చేర్చారు. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే క్యాలెండర్‌లో శనివారాలకు ఎర్రగా గీత గీసి పెట్టాను. వేరే రోజు ఫోలిక్ యాసిడ్. లివర్‌కూ రక్తకణాలకూ క్రమం తప్పకుండా పరీక్షలు. అది వాడినన్నాళ్లూ గర్భం రాకూడదు. రెండో బిడ్డను కందామని అనుకుంటున్న సమయంలోనే ఇదంతా వచ్చిపడింది. ఆ మాట విన్నాక మా ఆయన చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడిపోయారు.

పుండు పూర్తిగా మూసుకోవడానికి అయిదు నెలలు పట్టింది. మందులన్నీ ఆపేసరికి మొత్తం పద్నాలుగు నెలలు. ఆపరేషన్ అవసరం పడలేదు. ఎడమవైపు చర్మం రెండుచోట్ల లోపలికి గుంట పడి ఉంది, స్కాన్‌లో మచ్చ కట్టిన చోటు సన్నగా కనిపిస్తుంది. ఆర్నెల్లకోసారి చూపించుకుంటున్నాను. మళ్లీ గర్భం వస్తే జబ్బు తిరగబెట్టవచ్చని చెప్పారు. రెండో బిడ్డ గురించి మేమిద్దరం ఇంకా ఏ మాటా అనుకోలేదు.