అలుగు కింది పరకలు

మా ఊరి చెరువు నిండి అలుగు పోసిన ఏడాది, నీటి ఉరవడికి ఎదురెక్కాలని వచ్చిన చిన్న చేపలు, అలుగు ఆగిన తరువాత కింది బండల నడుమ గుంతలలో చిక్కుకుపోతాయి. పైనుంచి నీరు రాదు, కింది కాలువ ఎండిపోతుంది, గుంత రోజురోజుకూ కుంచించుకుపోతుంది, చివరికి కొంగలు వాటిని ఏరుకొని తింటాయి. నల్లగొండలో మా ఇంటి అక్వేరియంలో నేను పెంచుతున్న చేపలన్నీ ఆ గుంతలలో చేతివలతో తీసుకున్నవే. చెరువులో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది కనుక, గుంతలో చేపలకైనా అడిగే తీసుకోవాలనిపించి, సంఘంలోని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గా పరకలల్ల ఏముంది బిడ్డా, కూర వండితె పిడికెడు గావు, తీస్కపో" అన్నాడు.

ఆ పరకలలో ఏముందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదటిసారి తెచ్చిన పన్నెండు చేపలలో వారం తిరిగేసరికి ఒక్కటి కూడా మిగలలేదు. 180 లీటర్లు పట్టే కొత్త గాజు తొట్టి కొని, నల్లా నీళ్ళు నింపి, దుకాణంలో చెప్పినట్టే అదే సాయంత్రం చేపలను వదిలాను. ఆ సలహా తప్పని నాకు అప్పుడు తెలియదు. నల్లా నీటిలో సూక్ష్మజీవులను చంపడానికి కలిపే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఆ తరువాత వస్తుంది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తాయి, మిగిలిపోయిన మేత కుళ్ళి మరికొంత అమ్మోనియా చేరుతుంది. చెరువులో దానిని బ్యాక్టీరియా ముందు నైట్రైటుగా, తరువాత పెద్దగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది, నాచు కూడా కొంత పీల్చుకుంటుంది. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా ఉండదు. అది ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మా ప్రాంతంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. నల్లగొండ భూగర్భ జలాల ఫ్లోరైడు గురించి, దానివల్ల వంగిపోయిన మనుషుల గురించి అందరికీ తెలుసు. చేపలు పెంచేవారు దానితోపాటు నీటి క్షారగుణాన్నీ పట్టించుకోవాలి. ఆ గుణాన్ని తెలిపే కొలత పీహెచ్, మా ఇంటి బోరు నీటిలో అది 8 దాటి ఉంటుంది. అమ్మోనియాలో ఎంత భాగం విషరూపంలో ఉంటుందో నీటి పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆ భాగం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8కి చేరితే ఐదు శాతం దాటుతుంది. అంటే పీహెచ్ తక్కువున్న నీటి ఊరిలో చేప తట్టుకోగలిగిన అమ్మోనియా మన బోరు నీటిలో దాని ప్రాణం తీయగలదు. అందుకే ఇప్పుడు నల్లా నీటినే ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి, గాలి పంపు పెట్టి, ఒక రోజుకు పైగా ఉంచి వాడుతున్నాను. బోరు నీరు ముట్టను.

నీటి విషయంలో ఇంత శ్రద్ధ తీసుకొని, అలంకారానికి తొట్టిలో నాపరాయి ముక్కలు పేర్చేవారున్నారు. నాపరాయి కూడా సున్నపురాయే, అది నీటిలో మెల్లగా కరిగి కాఠిన్యాన్నీ క్షారగుణాన్నీ పెంచుతుంది. రాయి మీద ఒక చుక్క ఆమ్లం వేసి చూడండి, నురగ వస్తే దానిని పక్కన పెట్టండి. మన ఊళ్ళ చుట్టూ గుట్టల నిండా ఉన్న గ్రానైటు రాయికి ఈ దోషం లేదు.

రెండోసారి, ఆ గుంతలు ఎండడానికి ఇంకా కొన్ని రోజులు ఉందనగా వెళ్ళి, ఎనిమిది చేపలను మాత్రమే తెచ్చాను. మూడు వారాలు వాటిని వేరే టబ్బులో ఉంచాను. రెండింటి ఒంటి మీద దారప్పోగుల్లా లంగరు పురుగులు వేలాడుతూ కనిపించాయి. చెరువు చేపలకు ఈ పరాన్నజీవి పట్టడం మామూలే. చిన్న పట్టకారుతో పెద్ద పురుగులను తీసివేయవచ్చు కానీ, వాటి పిల్లలు కంటికి ఆనకుండా నీటిలో ఈదుతూ ఉంటాయి కనుక, ఒకసారి తీసి ఊరుకుంటే సరిపోదు. నేరుగా పెద్ద తొట్టిలో వేసి ఉంటే చేపలన్నింటికీ అంటుకొని ఉండేవి.

మేత దగ్గర అవి నా ఓపికను పరీక్షించాయి. పుట్టినప్పటి నుంచి కదిలే పురుగును తిని బతికిన చేపకు, నీటి మీద తేలే గుళిక తిండి అని తెలియదు. మొదటి పది రోజులు దోమ లార్వాలు, సన్నగా తరిగిన వానపాములు పెట్టాను. లార్వాల కోసం బకెట్టులో నీళ్ళు నిలవ ఉంచేవారు మాత్రం వాటిని ఏ రోజుకారోజు వడకట్టి తీయాలి, వారం దాటనిస్తే ఇంట్లో దోమలను పెంచినట్టే. తరువాత వానపాము ముక్కలతో కలిపి గుళికల పొడి వేస్తూ వచ్చాను. నలభై రోజులకు అవి గుళికలకు అలవాటు పడ్డాయి. అప్పటిదాకా గదిలో అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, అన్నీ మూలకు చేరి ఒకదాని వెనుక ఒకటి దాక్కునేవి. మూడు వైపులా గాజుకు నల్ల కాగితం అతికించి, హైడ్రిల్లా అనే నీటి మొక్కను దట్టంగా నాటిన తరువాతే వాటి బెదురు తగ్గింది. హైడ్రిల్లా చెరువునుంచి తెస్తే దానితో తూనీగ పిల్లపురుగులు కూడా వస్తాయి, అవి చిన్న చేపలను పట్టి తింటాయి, కనుక నాటే ముందు కొమ్మ కొమ్మనూ దులిపి కడగాలి.

బెదురు తగ్గాక రంగు వచ్చింది. బుట్టలో కుప్పగా చూసినప్పుడు ఈ చేపలన్నీ ఒకే వెండి రంగులో ఉంటాయి. పెథియా టిక్టో అనే పరకకు మొప్ప వెనుక ఒక నల్ల చుక్క, తోక దగ్గర మరొకటి ఉంటాయి. మూడో నెలలో ఒక ఉదయం మగ చేప ఒంటి పక్కన ఎరుపు జీర కనిపించింది, మరో వారానికి అది చిక్కబడింది, వీపు రెక్క మీద నల్ల మచ్చలు తేలాయి. రెండు మగవి ఎదురుపడితే రెక్కలు విప్పుకొని ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, కరచుకోవు. చిన్నప్పటినుంచి కూరలో తిన్న చేపకు ఇంత వ్యవహారం ఉందని నాకు అప్పటివరకు తెలియదు. ముక్కు నుంచి తోక దాకా నల్లటి గీతతో ఉండే రాస్బోరా డానికోనియస్ గుంపుగా మాత్రమే నిబ్బరంగా ఉంటుంది. నా దగ్గర రెండే ఉన్నప్పుడు అవి మేతకు కూడా బయటికి వచ్చేవి కావు, ఆరు అయ్యాక తొట్టి మధ్యకు వచ్చి ఈదాయి.

చందా నామా అనే గాజు చేప వెన్నెముక బయటికి కనిపిస్తుంది. ఆ అందం చూసి నాలుగింటిని పరకలతో కలిపాను. పదిహేను రోజులకు పరకల పక్కల మీద పొలుసులు ఊడి తెల్లటి మచ్చలు పడ్డాయి. జబ్బు అనుకొని ఉప్పు వేశాను, ఫలితం లేదు. అసలు కారణం, ఆ గాజు చేప ఇతర చేపల పొలుసులను కొరికి తినే రకం. వేరు చేశాక పరకలకు పొలుసులు తిరిగి మొలిచాయి.

కొర్రమట్ట పిల్లలను తెచ్చి పెంచవచ్చా అని బంధువుల పిల్లలు తరచూ అడుగుతారు. ఎర్రగా గుంపుగా తిరిగే ఆ పిల్లలకు తల్లిదండ్రులు కింద కాపలా కాస్తుంటాయి. మన రాష్ట్ర చేపను, అందులోనూ రెండడుగులు దాటి పెరిగేదానిని, మూడడుగుల గాజు తొట్టిలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

వేసవి అన్నింటికంటే కష్టం. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టుకుంటుంది, వేడికి చేప అవసరమేమో పెరుగుతుంది. మే నెలలో మా తొట్టి నీరు 33 దాటింది. మేత సగానికి తగ్గించి, బ్యాటరీతో నడిచే గాలి పంపు సిద్ధంగా ఉంచుకున్నాను. ఆవిరైన నీటికి బదులు నీరు పోస్తూ పోతే లవణాలు తొట్టిలోనే పేరుకుపోతాయి, అందువల్ల వారానికి ఐదో వంతు నీరు తీసివేసి కొత్తది పోస్తాను.

విసుగు పుట్టినా, ఇల్లు మారినా, ఈ చేపలను తిరిగి చెరువులో వదలకూడదు. తొట్టిలో అంటిన రోగం చెరువుకు వెళుతుంది. అక్వేరియాల నుంచి వచ్చిన సక్కర్ చేప నేడు తెలుగు రాష్ట్రాల చెరువులలో చేరి వలలు చింపుతూ మత్స్యకారులను ఎంత బాధిస్తోందో చూస్తున్నాం. నా చేపలు నాకు అక్కరలేని రోజు వస్తే, పెంచగలవారి ఇంటికే వెళ్ళాలి.

ఈ వానాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున టిక్టోలు హైడ్రిల్లాలో గుడ్లు పెట్టాయి. అవి తమ గుడ్లను తామే తింటాయి కనుక, నాలుగు కొమ్మలు కత్తిరించి వరండాలోని గోలెంలోకి మార్చాను. రెండు రోజులకు, కొమ్మలకు అతుక్కొని, కళ్ళు మాత్రమే కనిపించే పిల్లలు బయటపడ్డాయి. వాటిలో ఇప్పటికి తొమ్మిది మిగిలాయి, అంగుళంలో సగం ఉన్నాయి, ఒకదానికి తోక దగ్గర చుక్క వచ్చింది.