కవాతుకి నల్లబట్టలు వద్దట

ఈ గ్రీసు ఊళ్ళో మా కింద వాటాలో ఉండే ముసలావిడని యయా అంటాం, గ్రీకులో అమ్మమ్మ అని. ఆవిడ కూతురన్న మాట పొద్దుట్నుంచీ చెవుల్లో గింగురుమంటోంది. రాసేస్తే తప్ప నిద్రపట్టేలా లేదు.

ఇవాళ యయా భర్త, మేం తాతగారనేవాళ్ళం, ఆయన ఏడాది మ్నిమోసినో, అంటే పోయినవాళ్ళ కోసం చర్చిలో చేయించే ప్రార్థన. మూడో రోజు, తొమ్మిదో రోజు, నలభయ్యో రోజు అయ్యాక ఇది. ఆ రోజు పంచే గోధుమల ప్రసాదం, కోలివా, పని నిన్నంతా మా వంటింట్లోనే జరిగింది. ఉడికిన గోధుమలు వార్చి, శుభ్రమైన దుప్పటి మీద పల్చగా పరిచి రాత్రంతా ఆరబెట్టాం. తడి ఉంటే పులిసిపోతాయని యయా మధ్యలో లేచి రెండుసార్లు చేత్తో కలిపి చూసుకుంది. తెల్లారగట్ల అక్రోటు, ఎండుద్రాక్ష, దానిమ్మగింజలు, దాల్చినచెక్క పొడి కలిపి, పళ్ళెంలో గుట్టగా పోసి, పైన వేయించిన పిండి ఒక పొర వేసింది. ఆ పొర లేకపోతే చక్కెర తడి లాగేసి మరకలు పడుతుందట. దానిమీద పొడి చక్కెర జల్లి, మైనపు కాగితంతో నొక్కి నున్నగా చేసి, ఒలిచిన బాదంపప్పులతో సిలువ, దాని కింద తాతగారి పేరులో మొదటి అక్షరం. బేకరీలో ఆర్డరిద్దామని కూతురు ఎంత పోరినా వినలేదు. నాకెంత నచ్చిందో చెప్పలేను. భూమిలో పడ్డ గోధుమగింజ చస్తేనే పంట అని బైబిల్లో ఉంది కదా, అందుకే గోధుమలు.

చర్చిలో పూజయ్యాక పక్క హాల్లో అందరికీ చక్కెర లేని కాఫీ, చిన్న గ్లాసులో కొన్యాక్ బ్రాందీ, పక్సిమాదియా అనే గట్టి రస్కులు. వచ్చిన ప్రతివాళ్ళూ చెయ్యి పట్టుకుని "జోయీ సే సాస్" అంటున్నారు. మీకు ఆయుష్షు ఉండాలని. ఆ వరస ఇంకా పూర్తవకుండానే కూతురు అందుకుంది. "అమ్మా, ఏడాదైపోయింది, ఇంక ఆ నలుపు తీసెయ్. ఓహీ రోజు కవాతులో పాప అమాలియా గౌను వేసుకుంటోంది. పక్కన నువ్విలా నిలబడితే ఫోటోలు ఏం బావుంటాయి?"

ఓహీ అంటే అక్టోబర్ 28, ఇక్కడి జాతీయ పండగ. పాప ఆవిడ కూతురు, యయా మనవరాలు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలూపారు. యయా కప్పు కింద పెట్టి, న్యాప్‌కిన్లు సర్దుతూ కూచుంది.

ఫోటోలట! ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ అమాలియా గౌను సంగతేంటి? 1837లో జర్మనీ నుంచి గ్రీసు రాజు ఒథాన్ భార్యగా వచ్చిన అమాలియా రాణి తన కొలువులోని ఆడవాళ్ళకోసం కుట్టించిన వేషం అది. ఇక్కడి పల్లెల దుస్తులు కొంత, అప్పటి యూరప్ గౌను కొంత. బంగారు జరీ కుట్టిన ముఖమల్ చోళీ, కుచ్చు వేలాడే ఎర్రటోపీ. అందంగా ఉంటుంది, కాదనను. పాప వేసుకుంటే నేనే దిష్టి తీస్తాను. మగపిల్లల ఫుస్తనెల్లా, ఆ కుచ్చుల తెల్లపావడా కూడా అంతే, పార్లమెంటు ముందు కాపలా కాసే ఎవ్జోన్ సైనికులు కట్టుకునేది, నాలుగొందల కుచ్చులు నాలుగొందల ఏళ్ళ తురుష్కుల పాలనకి గుర్తంటారు. వీటన్నిటికీ చప్పట్లు కొడతారు, ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి తీసి మళ్ళీ మడత పెట్టేస్తారు. యయా ఒంటిమీది నలుపు మాత్రం ఎవరూ బీరువాలో పెట్టింది కాదు. వాళ్ళమ్మ కట్టుకుంది, అత్తగారు చచ్చేదాకా కట్టుకుంది. ఈ వీధి మొత్తం మీద ఇంకా బతికున్న సంప్రదాయ దుస్తులేవైనా ఉన్నాయంటే అవి ఆవిడవే. సరిగ్గా అవే ఫోటోకి పనికిరాలేదు.

ఇంత రాశాక చెయ్యి ఆగిపోయింది. ఏం, సంప్రదాయమైతే మంచిదేనా? నాన్నమ్మ సంగతో?

తాతయ్య పోయిన పదో రోజు నాన్నమ్మ గాజులు తీసేసిన వాళ్ళూ సంప్రదాయమనే అన్నారు. నాకు తెలిసిన నాన్నమ్మ ఎప్పుడూ తెల్లచీరే. ఒకసారి ఆవిడ నిద్రపోతుంటే నా తిలకం సీసా తెచ్చి నుదుట బొట్టు పెట్టాను. దిగ్గున లేచి కొంగుతో రుద్దేసుకుంది. రుద్దుతూ నావైపు చూడలేదు, వీధిగుమ్మం వైపు చూసింది, ఎవరన్నా చూశారేమోనని. నుదురంతా ఎర్రగా కందిపోయింది. అత్త పెళ్ళికి అరిసెల పాకం తన చేత్తోనే పట్టింది, తలంబ్రాల వేళకి మాత్రం వెనకింట్లో, బియ్యం బస్తాల దగ్గర కూచుంది. పీటల మీద నుంచి అత్త "అమ్మేదీ" అంటే ఒక్కరూ పలకలేదు. ఆల్బమ్ మొత్తంలో ఆవిడ ఒక్క ఫోటోలోనూ లేదు. అది తలుచుకుంటే కూతురి మాటే న్యాయమనిపిస్తుంది. వెనకింటికి పంపకుండా, రంగుబట్టలు కట్టుకుని ముందుకి రమ్మంటోంది కదా.

కానీ తర్వాతెప్పుడో నాన్న మంగళగిరి నుంచి ఆకుపచ్చ చీర తెచ్చారు. నాలుగు మాటలు మాట్లాడి, కాలం మారిందమ్మా అని చేతిలో పెట్టారు. మేమంతా మురిసిపోయాం. నాన్నమ్మ అంచు తడిమి చూసి, "అప్పుడూ నన్నడగలేదు, ఇప్పుడూ అడగలేదు రా" అంది. చీర పెట్టెలోనే ఉండిపోయింది. నాన్న చాలా రోజులు బాధపడ్డారు.

యయా నలుపు గురించి నేను చలికాలంలో ఎప్పుడో మామూలుగా అడిగాను. "ఇది వేసుకుంటే బేకరీ అబ్బాయి నాతో మెల్లగా మాట్లాడతాడు. నవ్వుతూ కబుర్లు చెప్పక్కర్లేదు నాకు" అంది. ఆవిడ పండక్కీ, పబ్బానికీ వెనకింట్లో కూచోలేదు. శుభకార్యాలకి అందరూ పిలుస్తారు, పాస్ఖా, అంటే ఈస్టర్, అర్ధరాత్రి కొవ్వొత్తి వెలుగు అందరితోపాటే ఇంటికి తెచ్చుకుని గుమ్మం పైన పొగతో సిలువ గీసింది. పండగ గుడ్లకి మాత్రం ఎర్రరంగు వెయ్యలేదు, మేమే పట్టుకెళ్ళి ఇచ్చాం. కాబట్టి నాన్నమ్మ తెలుపూ ఈవిడ నలుపూ ఒకటి కావేమో. అలాగని పూర్తిగా తన ఇష్టమని కూడా అనలేను, ఊరి కళ్ళు ఇక్కడా ఉన్నాయి. భార్య పోయిన మగవాళ్ళకైతే పాతరోజుల్లో చేతికి నల్లపట్టీ, నలభై రోజులు గడ్డం, అంతే. ఆ సంగతెత్తితే మాత్రం మా ఈయన సహా ఎవరూ నోరు మెదపరు.

పైగా అక్టోబర్ 26 సెయింట్ డిమిట్రియస్ పండగ. ఊరి రక్షకుడు, తాతగారిదీ అదే పేరు. ఇక్కడ పుట్టినరోజు కన్నా పేరు పండగే పెద్దది. పిలవకుండానే జనం వచ్చేవాళ్ళు, యయా పళ్ళేలు తిప్పలేక అలిసిపోయేది. ఈసారి ఎవరినీ రావద్దని చెప్పేసింది. ఇంకో రెండేళ్ళకి శ్మశానం వాళ్ళు సమాధి ఖాళీ చెయ్యమంటారు. ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పెట్టెలో పెట్టాలి. ఆ పనికి ఇవాళ తలూపిన ఆడవాళ్ళెవరూ రారు, ఆవిడే నిలబడాలి. ఏడాదికి దుఃఖం అయిపోవాలని ఎవరు లెక్క కట్టారు?

రేపు కిందికెళ్ళి కవాతుకి వస్తావా అని అడుగుతాను. బట్టల మాట ఎత్తను. వస్తానంటే మా పక్కన నిలబడుతుంది, ఫోటోలు నేను తీస్తాను. రానంటే పాపే గౌను వేసుకుని ఇంటికొచ్చి ఆవిడకి చూపిస్తుంది, ఆ సంగతి వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను.