గోడ మీది ఒడియా కాగితం

రెండు నిమిషాలకో చెంచా. అంతకంటే ఎక్కువ పోస్తే కక్కేస్తోంది. ఆ రాత్రంతా మా అత్త మంచం పక్కన గచ్చు మీద కూర్చుని ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టాను. సాయంత్రం నుంచి ఎన్నిసార్లు బేదులయ్యాయో లెక్క తప్పిపోయింది. కళ్లు గుంటలు పడ్డాయి. చేతి మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత అలాగే నిలబడిపోతోంది. అలా నిలబడితే ఇంట్లో ఉంచకూడదని, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకుపోవాలని అప్పుడు నాకు తెలీదు. తెల్లవారాక తీసుకెళ్లాం. రెండు సెలైన్లు ఎక్కాక గాని ఆవిడ నన్ను గుర్తుపట్టి "కోడలా, గుంట తిందా?" అని అడగలేదు.

గుంట అంటే మా అమ్మాయి. అప్పుడు మూడో తరగతి. మర్నాడు దాన్ని బడికి తీసుకెళ్తుంటే అంగన్‌వాడీ గోడ దగ్గర ఆగి, అక్కడ అంటించిన కాగితం గట్టిగా చదవడం మొదలెట్టింది. బళ్లో కొత్తగా చదవడం వచ్చిన పిల్లలు కనిపించిందల్లా చదువుతారు కదా. "పాణి ఫుటాఇ పిఅంతు" అని చదివింది.

"అంటే ఏటే?"

"నీళ్లు మరగబెట్టి తాగండని, అమ్మా."

ఆ కాగితం నాలుగు రోజులుగా అక్కడే ఉంది. పాలకి వెళ్తూ వస్తూ రోజూ రెండుసార్లు దాని ముందు నుంచే నడిచాను. ఏదో పథకం గురించి అనుకున్నాను.

నాది టెక్కలి. పెళ్లయి ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చాను. రైలెక్కితే అట్టే దూరం లేదు, మధ్యలో పాతపట్నం. అక్కడ దిగి రెండు మూడు కిలోమీటర్లు వస్తే రాష్ట్రం మారిపోతుంది. బజార్లో తెలుగు, ఇంట్లో తెలుగు, గుళ్లో తెలుగు, నా మిషను దగ్గరికి జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగు. అందుకని ఒడియా మాట్లాడటం దానంతటదే వచ్చేసింది, అక్షరాల జోలికి పోవలసిన పని పడలేదు. మా అత్తకీ అంతే. ఆవిడ తెలుగు బళ్లో చదువుకుంది, ఒడియాలో ఆవిడకి తెలిసిందల్లా బేరాల భాష. మా వీధిలో ఇలాంటి ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ తర్వాత లెక్కపెట్టాను. పదిహేడిళ్లలో పదకొండిళ్లు.

ఆ వారం మా వరసలో నాలుగిళ్లలో పడకేశారు. నాలుగూ ఆ పదకొండులోవే. కాగితం చదవగలిగిన ఇళ్లవాళ్లు మరగబెట్టుకుని తాగారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అప్పుడే ఒడియా అక్షరాలు నేర్చుకోవాలని కూర్చున్నాను. మా అమ్మాయి పాత వాచకం, పలక. రాత్రి మిషను ఆపాక గంటసేపు. దాదాపు ప్రతి అక్షరం నెత్తినా గొడుగు పట్టినట్టు ఒక వంపు ఉంటుంది, మొదట్లో అన్నీ ఒకటే అనిపిస్తాయి. వరసగా అన్నీ నేర్చుకునేంత తీరిక లేదు, అందుకని నోటీసుల్లో వచ్చే మాటలే ముందు పట్టాను. ఝాడా అంటే బేదులు. బాంతి మన వాంతే, వకారం బకారమయింది. జ్వర మన జ్వరమే. మశా అంటే దోమ. హఇజా అంటే కలరా. తారిఖ, టీకా, డాక్టర్‌ఖానా. అంకెల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఒడియా నాలుగు చూడటానికి అచ్చం మనం రాసే 8 లాగే ఉంటుంది. మా పక్కింటి వదిన టీకాల తారీఖు అలాగే చూసుకుని, నాలుగున వెళ్లాల్సింది ఎనిమిదిన పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ నెల ఆగాల్సి వచ్చింది.

చదవడం వచ్చాక ఆశా దీదీతో మాటలు పెరిగాయి. ఇక్కడ ఆశా కార్యకర్తని దీదీ అనే పిలుస్తాం. ఆవిడ చేతిలో కాగితాలు ఏంటని ఒకరోజు అడిగాను. ఎంత ఓపిగ్గా చెప్పిందో. దేశమంతటా 2004 నుంచి రోగాల మీద నిఘా పెట్టే ఏర్పాటొకటి ఉంది. ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు జ్వరం, బేదులు, కామెర్లు ఇలా లక్షణాన్ని బట్టి లెక్క రాస్తారు. దాన్ని ఎస్ ఫారం అంటారు. రోగం పేరు ఇంకా తేలనక్కర్లేదు. డాక్టరు చూసి ఫలానా రోగం కావచ్చు అనుకుంటే పి ఫారం. లాబులో పరీక్షలో తేలితే ఎల్ ఫారం. ఇప్పుడివన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఒకచోట మామూలుకంటే లెక్క పెరిగితే జిల్లా నుంచి మనుషులు వచ్చి నీళ్లు పరీక్షకి తీసుకెళ్తారు, నూతుల్లో బ్లీచింగ్ వేయిస్తారు, నీళ్లు శుభ్రం చేసే హాలోజెన్ బిళ్లలు పంచుతారు, గోడకి కాగితం అంటిస్తారు.

అది విన్నాక ఆ వారం మేం చేసిన పని అర్థమయింది. మా నాలుగిళ్లలో రెండిళ్లవాళ్లు మందుల కొట్లో బిళ్లలు కొనుక్కుని ఊరుకున్నారు. ఒకరు పాతపట్నం వెళ్లి చూపించుకున్నారు. ఎవరం దీదీకి చెప్పలేదు. బేదులంటే బయటికి చెప్పుకునే రోగమా అని సిగ్గు. పాతపట్నం వెళ్లినవాళ్ల లెక్క చేరితే ఆంధ్రా లెక్కలో చేరుతుంది, మా వీధి కొళాయి గురించి అది ఇక్కడెవరికీ ఏమీ చెప్పదు. గోడ మీద కాగితం పడాలంటే ముందు మా ఇళ్లలోంచి మాట బయటికి పోవాలి. ఇప్పుడు మా వీధిలో ఒకే రోజు ఇద్దరికి బేదులయ్యాయని తెలిస్తే నేనే దీదీకి ఫోన్ చేస్తాను. రాత్రి పదయినా చేస్తాను. ఆవిడ ఒక్కసారీ విసుక్కోలేదు.

ఇంకో సంగతి. సరిహద్దులో ఉన్నవాళ్లందరికీ ఇది తెలిసి ఉండాలి. ఫోను ఏ టవరు పట్టుకుంటే అదే మన రాష్ట్రమైపోతుంది. ఒకసారి మా ఆయన నది దగ్గర నుంచి 108కి చేస్తే అవతలి రాష్ట్రం వాళ్లు ఎత్తారు. మండలం పేరు చెప్పమంటారు, మాకిక్కడ బ్లాకులు. అందుకే 108, 104 నంబర్లతో పాటు దీదీ నంబరు, దగ్గర్లో ఒక ఆటో అతని నంబరు మా తలుపు వెనక పెన్నుతో రాసిపెట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. తుపాను పలాస దగ్గర తీరం దాటింది, కానీ మా గజపతి జిల్లా కొండల్లో వాన, వరద, కొండచరియలు ఎంతమందిని మింగాయో. ఆ రోజుల్లో నీళ్ల గురించి మాకు మాట అందింది నోటి ద్వారానే, ఇంటి నుంచి ఇంటికి.

టీవీ సంగతి చెప్పాలి. మా ఇళ్లలో నడిచేవి తెలుగు ఛానళ్లు. వాటిలో విశాఖ వస్తుంది, విజయవాడ వస్తుంది, హైదరాబాదు వస్తుంది. మా జిల్లా రాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో తణుకు వైపు కోళ్లఫారాలకి బర్డ్ ఫ్లూ వచ్చింది. అక్కడ ఫారం చుట్టూ కిలోమీటరు, ఆపైన పది కిలోమీటర్ల దాకా హద్దులు పెట్టి చూశారు. అది ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైనే. మా వీధిలో మాత్రం నెల రోజులు కోడికూర వండలేదు. బాగా ఉడికించిన కూరలో ఆ వైరస్ బతకదని ఎంత చెప్పినా వినలేదు. అదే మనుషులు పక్క రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2022 జూలైలో కలరా వచ్చి ప్రాణాలు పోతున్నాయంటే ఎక్కడో అన్నట్టు విన్నారు. రాయగడలో మా అందరికీ చుట్టాలున్నారు! దూరంలో ఉన్న భయం తెలుగులో వచ్చింది, దగ్గరలో ఉన్నది ఒడియాలో వచ్చింది. నాకు వేరే కారణం కనపడదు.

వాట్సాప్‌లో వచ్చేవాటిని నేను కోపంగా కొట్టిపారేయను. పంపినవాళ్లు మన మంచి కోరే పంపుతారు. కానీ తారీఖు లేకపోతే, ఊరి పేరు లేకపోతే, ఏం చేయాలో చెప్పకుండా భయం మాత్రమే ఉంటే నేను ఇంకొకరికి పంపను. దీదీకి చూపిస్తాను. ఆవిడకీ తెలియకపోతే ఆస్పత్రిలో అడిగి చెబుతుంది. మొదట వినపడిన కారణమే పూర్తి కారణం కాకపోవచ్చని మా ఒడిశాలోనే ఉన్న మల్కన్‌గిరి జిల్లా నాకు నేర్పింది. 2016లో అక్కడ వంద మందికి పైగా పిల్లలు పోయారు. మెదడువాపు అన్నారు, దోమ అన్నారు, పందుల్ని ఊళ్లకి దూరంగా పెట్టమన్నారు. జపనీస్ మెదడువాపు నిజంగానే ఉంది. కానీ నిపుణులు వచ్చి చూశాక, చాలామంది పిల్లలకి అసలు కారణం బాణ చకుండ అనే మొక్క విషమని తేల్చారు. మన వైపు కసివింద అంటాం. పొలంగట్ల మీద, దారి పక్కన పెరుగుతుంది, పిల్లలు ఆడుకుంటూ కాయలు తినేస్తారు. అది చదివిన రోజు మా అమ్మాయిని వెంటబెట్టుకుని బడి దారంతా నడిచి ఆ మొక్క ఎక్కడెక్కడ ఉందో చూపించాను. కనపడినదల్లా పీకేశాను. వేళ్లు పసుపు వాసన వేశాయని అది నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా మిషను పక్క గోడకి ఇప్పుడొక నల్లబల్ల ఉంది. మా అమ్మాయి చిన్నప్పటిది. దాని మీద ఏ వారానికి ఆ వారం తెలుగులో రాస్తాను. గోడ మీద కాగితం పడితే దాని సారం, లేకపోతే దీదీ చెప్పింది. వానాకాలం ముందు దోమల మాటలు: వారానికోసారి కుండీలు, తొట్లు వంచేసి తోమాలి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం పది రోజులే, అది కుట్టేది పగలు. జ్వరం తగ్గిన రోజున కడుపునొప్పి, వాంతులు, చిగుళ్లలో రక్తం కనబడితే తగ్గిందనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఎండాకాలంలో వడగాలి హెచ్చరికల్లో ఆరెంజ్ అంటే ఏంటి, రెడ్ అంటే ఏంటి. 1998 ఎండలకి ఒడిశాలో రెండు వేల మందికి పైగా పోయారు. ఆ ఏడు గుర్తున్న మా అత్త ఏప్రిల్ వచ్చిందంటే చోడి (రాగి) అంబలి కుండ గుమ్మంలోనే పెడుతుంది, దారిన పోయేవాళ్లెవరైనా తాగొచ్చు. బల్ల మీద ఎప్పుడూ చెరపని వరస ఒకటుంది: ప్యాకెట్ దొరకకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, సమంగా గీసి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కొలత తెలుసని అందరూ అంటారు, చెంచా చేతికిస్తే పోగు పోస్తారు. అందుకే మిషను సొరుగులో ఒక చెంచా కూడా ఉంచాను, కొలిచి చూపించడానికి.

జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్లు బల్ల చదువుతారు. చదవడం రానివాళ్లకి నేను చదువుతాను. పోయిన వానాకాలంలో ఒకామె, నేను చెప్పకుండానే, "ఈ వారం ఏటి రాసినావు?" అని అడగడానికి పనిగట్టుకుని వచ్చింది. ఆ రోజు సంతోషం ఎవరితో చెప్పుకోను.

అయితే నా తెలుగు బల్ల ముందు నిలబడి ఏమీ తెలియక వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. కొండల నుంచి చింతపండు, చీపుర్లు తెచ్చి అమ్ముకునే సవర ఆడవాళ్లు ఎండ తప్పించుకోడానికి మా అరుగు మీద కూర్చుంటారు. వాళ్లలో పెద్దామె ఒకరోజు వచ్చీరాని తెలుగులో చెప్పింది. దీదీలు ఊరికొచ్చి అందరి వేళ్లూ పొడిచారట, జ్వరం లేనివాళ్లవి కూడా. ఆవిడ మొగుడు భయపడి కొండెక్కి దాక్కున్నాడట. అది మలేరియా కోసం 2017లో మొదలైన పని. జ్వరం కనపడకపోయినా ఒంట్లో మలేరియా ఉండొచ్చు, దోమ వాళ్లని కుట్టి ఇంకొకరిని కుడితే చాలు. ఈ ఒక్క మాట ఆయనకి ఆయన భాషలో చెప్పి ఉంటే వేలు చాపేవాడు కదా.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే మేష్టరు. సవరలు బజారుకి వస్తే వాళ్లతో మాట్లాడి మాట్లాడి ఆ భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ప్రతి ఆగస్టు 29న ఆయన పేరు తలుచుకుంటాం.

పెద్దామె మనవరాలు ఇక్కడ హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఒడియా బాగా చదువుతుంది. పోయిన ఆదివారం దాన్ని కూర్చోబెట్టి, నీళ్లు మరగబెట్టి తాగండి, పిల్లకి బేదులయితే పాలు మానిపించొద్దు, జ్వరం లేకపోయినా వేలు చూపించండి, ఈ మూడు మాటలూ సవరలో ఎలా అనాలో చెప్పమన్నాను. నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మూడుసార్లు పలికితే మూడుసార్లూ దిద్దింది, మాట చివర గొంతులో ఒక చిన్న ఆపు ఉంటుంది, అది నాకు పట్టుబడటం లేదు. రేపు మళ్లీ వస్తానంది.