హార్వీ తీరం దాటిన ఊళ్లో

హ్యూస్టన్ నుంచి టెక్సస్ తీరంలోని రాక్‌పోర్ట్‌కి కారులో మూడు గంటలు. విక్టోరియా దాటాక ఎటు చూసినా చదును నేల, చేలు, అక్కడక్కడా గాలిమరలు. ఈ తీరానికి చాలామంది కొంగల్ని చూడ్డానికి వస్తారు. నేను మాత్రం చర్చిల కోసం బయల్దేరాను. మా గుడి కమిటీలో వరదల మాట వచ్చినప్పుడల్లా, "గుళ్లకి గవర్నమెంటు సాయం ఉండదండీ" అని ఒకరు, "ఉంటుంది" అని ఇంకొకరు. ఆ బాధ పడ్డవాళ్లనే అడుగుదామని మా ఆయన్ని బయల్దేరదీశాను.

2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ తుఫాను కేటగిరీ 4 (ఐదింటిలో నాలుగో స్థాయి) బలంతో తీరం దాటింది ఇక్కడికి దగ్గర్లోనే. గాలి వేగం గంటకి 130 మైళ్లు. ఇప్పుడు ఊరు కళకళలాడుతోంది. సముద్రపు గాలికి ఒక పక్కకి వాలి పెరిగిన ఓక్ చెట్లు మాత్రం ఇక్కడి గాలి ఎలాంటిదో చెబుతూనే ఉంటాయి.

ఈ ఊరి ఫస్ట్ బాప్టిస్ట్ చర్చికి ఆ తుఫానులో పైకప్పు దెబ్బతింది, శిఖరం కూలిపోయింది. విపత్తుల్లో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెమా. అప్పటి దాని రూలు ప్రకారం, భవనంలో సగానికి మించిన చోటు ప్రార్థనలకి వాడితే మరమ్మతులకి సాయం రాదు. మ్యూజియానికి ఇస్తారు, జూకి ఇస్తారు. హ్యూస్టన్‌కి ఈశాన్యంగా ఉన్న క్లీవ్‌లాండ్‌లో హైవే టాబర్నకుల్ అనే చర్చి ఉంది. తుఫానప్పుడు బాధితులు అక్కడే తలదాచుకున్నారు, సరుకులూ అక్కడినుంచే పంచారు. తీరా ఆ చర్చిలోకి చేరిన వరద నీళ్ల నష్టానికి మాత్రం పైసా రాదన్నారు. ఊరందరికీ నీడనిచ్చిన చోటుని అలా వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ రెండూ, హ్యూస్టన్ దగ్గరి సైప్రస్ అనే ఊళ్లోని ఇంకో చర్చీ కలిసి కోర్టుకెక్కాయి. 2018 జనవరి 2న ఫెమా రూలు మార్చి, ప్రార్థనా స్థలాలకీ సాయం అందేలా చేసింది. హార్వీ బాధితులకీ వర్తించేలా 2017 ఆగస్టు 23 నుంచే అమల్లోకి తెచ్చింది. ఫిబ్రవరిలో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, దాన్ని చట్టంలోనే చేర్చింది. చర్చి అయినా, గుడి అయినా, మసీదు అయినా ఒకటే రూలు. మా కమిటీ వాదనకి జవాబు దొరికినట్టే.

కానీ అసలు సంగతి ఒక చిన్న చర్చి దగ్గర తెలిసింది. మెట్లకి రంగు వేస్తున్న పెద్దాయన ఒకరు మేం వచ్చిన పని వినగానే బ్రష్ పక్కన పెట్టి కుర్చీలు తెచ్చారు. "రూలు మారిందని సంబరపడ్డామమ్మా. ఆ తర్వాత కాగితాలు మొదలయ్యాయి" అన్నారు. ముందు ఇన్సూరెన్స్ క్లెయిమ్ తేలాలి. అది భరించినదానికి ఫెమా మళ్లీ ఇవ్వదు. తర్వాత చిన్న వ్యాపారాల సంస్థ, ఎస్‌బీఏ దగ్గర లోన్‌కి దరఖాస్తు చేయాలి. వాళ్లు కాదన్నా, ఇచ్చింది చాలకపోయినా అప్పుడు ఫెమా గడప. మామూలుగా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ వాటా 75 శాతం, మిగతాది ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. పని చేయించి, రిసీట్లు చూపిస్తే డబ్బు రాష్ట్రం చేతుల మీదుగా వస్తుంది.

"అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఏంటి?" అని అడిగాను.

"ఫొటోలు. తుఫానుకి ముందు లోపల ఏముండేదో చూపించమన్నారు. పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఇమ్మని ఇల్లిల్లూ తిరిగాం. పెళ్లికూతురి వెనక కనిపించే కిటికీయే మాకు సాక్ష్యం."

ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లైనా ఆయన ఆ కిటికీల సంఖ్యతో సహా చెప్పగలరు.

అక్కడే కూర్చుని కమిటీ వాట్సాప్ గ్రూపులో రాశాను: ఈ నెలలోనే గుడి మొత్తం వీడియో తీద్దాం, వంటశాల, పిల్లల క్లాసుల గదులతో సహా, ఇన్సూరెన్స్ పాలసీలో వరద ఉందో లేదో చూద్దాం, వీడియో కాపీ ఒకటి వేరే ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంచుదాం. ముందు జవాబిచ్చింది పూజారిగారు. గర్భగుడి లోపల వీడియో తనే తీస్తానన్నారు, శనివారం అభిషేకానికి ముందు.