వేలం వేసిన బండి డబ్బు ఇలా తెచ్చుకున్నాం

2021లో బెంగళూరు కేఆర్ పురం దగ్గర మా తమ్ముడి టాటా ఏస్‌ని అటవీశాఖవాళ్ళు పట్టుకున్నారు. బాడుగకి పిలిచినవాడు ఎక్కించిన అట్టపెట్టెల్లో నక్షత్ర తాబేళ్ళున్నాయి. వాటిని బన్నేరుఘట్ట రెస్క్యూ సెంటర్‌కి పంపారని తెలిసి మనసు కుదుటపడింది, అలాంటి పని చేసేవాళ్ళకి శిక్ష పడాల్సిందే. కానీ కిస్తీలు ఇంకా తీరని బండి ఆఫీసు ఆవరణలో వానకి తడిసి, టైర్లు చదునైపోయి, ట్రాలీలో గడ్డి మొలిచేదాకా ఉండిపోయింది.

"అది ఇక ప్రభుత్వానిదే" అన్నారు అటవీశాఖవాళ్ళు, వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 39 చూపిస్తూ. మా లాయరుగారు ఒప్పుకోలేదు. బండిని నేరానికి వాడారని కోర్టు తేల్చాకే ప్రభుత్వపరం అవుతుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, కేసు నడుస్తుండగా బండి వదిలే అధికారం మేజిస్ట్రేటుకి ఉందని 2008లోనే చెప్పింది. అయినా మాకు బండి దక్కలేదు, పాడైపోతోందని మేజిస్ట్రేటు వేలం వేయించి, వచ్చిన సొమ్ము కేసు తేలేదాకా కోర్టులో డిపాజిట్ చెయ్యమన్నారు.

చివరికి కేసు రుజువు కాలేదని కొట్టేశారు. తీర్పులో మాత్రం "వాహనాన్ని యజమానికి అప్పగించాలి" అని ఉంది. ఏ వాహనం? అది అమ్ముడుపోయి చాలా కాలమైంది! డబ్బు అడిగితే ఆర్డరులో డబ్బు మాటే లేదని గుమాస్తా మా అర్జీ వెనక్కి తోసేశాడు, ఆ రోజు పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆస్తి అంటే, దాన్ని అమ్మితే వచ్చినది కూడా అని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 452లో ఉంది, ఇప్పుడది ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 498. అది చూపించి, వేలం సొమ్ము అని స్పష్టంగా రాసి మళ్ళీ పిటిషన్ వేశాం. ఆర్‌సీ, తీర్పు సర్టిఫైడ్ కాపీ, వేలం ఉత్తర్వు, డిపాజిట్ రసీదు, ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తమ్ముడి పేరున్న పాస్‌బుక్ మొదటి పేజీ జతచేశాం. అప్పీలుకి అవకాశం ఉంటుంది కాబట్టి డబ్బు చేతికి రావాలంటే మామూలుగా ఆర్డరు తర్వాత రెండు నెలలు ఆగాలి, అప్పీలు వేస్తే అది తేలేదాకా.

అసలు మొత్తం ఖాతాలో పడింది, వడ్డీ మాత్రం రాలేదు. మీ బండి వేలానికి వెళ్తుంటే, ఆ ఉత్తర్వు వచ్చేటప్పుడే సొమ్మును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టించమని లాయరుచేత అడిగించండి.