మీడియా రియాక్టర్ పెట్టేటప్పుడు అసలు పని ఫ్లో దగ్గరే

సాల్ట్‌వాటర్ ట్యాంక్‌కి, అంటే చేపలూ కోరల్సూ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంకి, నీళ్లని శుభ్రం చేసే మీడియా రియాక్టర్ అనగానే అందరూ ముందు ఏ బ్రాండ్ మంచిది అని అడుగుతారు, నన్నడిగితే ఏదైనా పర్లేదు, ఎందుకంటే దాదాపు అన్నిట్లో ఉండేది ఒకటే, ఒక గొట్టం, కిందా పైనా స్పాంజి, మధ్యలో మీడియా, అంటే నీళ్లలో అక్కర్లేనివి లాగేసే గింజలు, నీళ్లు కింది నుంచి పైకి వెళ్తాయి. ఎంత స్పీడుగా వెళ్తున్నాయి అన్నదే అసలు సంగతి.

జీఎఫ్ఓ, అదే ఫాస్ఫేట్‌ని లాగేసే ఐరన్ ఆక్సైడ్ గింజలు, వేసినప్పుడు వాల్వ్ మెల్లగా తిప్పుతూ పై పొరనే చూస్తూ ఉండండి. పైన గింజలు ఉన్నచోటే సన్నగా కదలడం మొదలవగానే ఆపెయ్యండి, చాలు. ఇంకా తిప్పితే ఒకదానికొకటి రాసుకుని పొడైపోయి ట్యాంక్‌లోకి వచ్చేస్తాయి, అస్సలు కదలకపోతే గడ్డకట్టేసి నీళ్లు ఏదో ఒక పక్కనుంచి దారి చేసుకుని పోతాయి, మిగతా మీడియా అంతా దండగ. కార్బన్‌కి, అంటే నీళ్లలో పసుపు రంగు లాగేసే బొగ్గు గింజలకి, మాత్రం ఉల్టా, అది కదలకూడదు, పై స్పాంజిని మీడియా మీదకి నొక్కి పెట్టాలి. అందుకే రెండూ వేరే వేరే రియాక్టర్లలో పెట్టమంటాను.

ట్యాంక్‌కి కలిపే ముందు పంపుని ఆర్ఓ నీళ్ల బకెట్‌లో పెట్టి, బయటికొచ్చే నీళ్లని ఇంకో బకెట్‌లోకి వదలండి. మొదట ముదురు గోధుమ రంగులో వస్తాయి, తేటగా అయ్యేదాకా ఓపిక పట్టాల్సిందే, ఇది మాత్రం దయచేసి వదిలెయ్యకండి. ఓ-రింగ్ (నీళ్లు కారకుండా మూత దగ్గర ఉండే రబ్బరు రింగు) దగ్గర కారుతోందా లేదా అన్నది కూడా అక్కడే తెలిసిపోద్ది.

ఇక మోతాదు. ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగంతో మొదలుపెట్టండి, ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే కోరల్స్ తట్టుకోలేవు. చాలామంది దాన్ని 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే లెక్క) మధ్యలో ఉంచుతారు, నేనూ అంతే, సున్నాకి తెచ్చేస్తే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు, జిగట పొరలా పేరుకునే సూక్ష్మజీవులు) పట్టుకోవచ్చు, వాటిని వదిలించుకోవడం ఫాస్ఫేట్ కంటే పెద్ద గోల. టెస్టర్ ఫాస్ఫరస్‌ని పీపీబీలో (వంద కోట్ల భాగాల లెక్కలో) చూపిస్తే ఆ నంబర్‌ని 3.066తో గుణించి 1000తో భాగించాలి, అప్పుడే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. మీడియా ఎప్పుడు మార్చాలి అంటే క్యాలెండర్ చూడక్కర్లేదు, రియాక్టర్ నుంచి వచ్చే నీళ్లూ ట్యాంక్ నీళ్లూ రెండూ టెస్ట్ చెయ్యండి, రీడింగ్ ఒకటే వస్తే అది అయిపోయినట్టే.

కార్బన్ కొత్తగా పెట్టేవాళ్లు లైట్లు కొన్నాళ్లు కాస్త తగ్గించి ఉంచండి, నీళ్లలో పసుపు రంగు పోయేసరికి వెలుతురు ఎక్కువ దిగుతుంది, పైన ఉన్న కోరల్స్ తెల్లబడే ప్రమాదం ఉంది.