సింహగిరి చుట్టూ ఒక రాత్రి

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ దిగువన తొలి పావంచా (మొదటి మెట్టు) వద్ద కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్ల సింహాచలం గిరి ప్రదక్షిణకు బయలుదేరాము. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సాగి, అప్పూఘర్ వద్ద సముద్రాన్ని చేరి, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం గుండా మళ్లీ కొండ దిగువకు వచ్చే ఈ దారిలో, రోజూ బస్సులో దాటిపోయే వీధులన్నీ నాకు క్షేత్రంలో భాగంగానే కనిపించాయి. అప్పూఘర్ వద్ద స్నానం చేసి, తడిబట్టలతోనే, చెప్పులు లేకుండా, సింహాచల స్వామి అయిన అప్పన్న నామం పలుకుతూ నడక కొనసాగించిన వృద్ధులను చూసినప్పుడు నా అలసట మాట ఎత్తడానికి మనసు రాలేదు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచినవారి సేవ, నా దృష్టిలో, నడిచినవారి మొక్కుకు ఏమాత్రం తీసిపోదు. మరునాడు పౌర్ణమికి స్వామివారికి ఆ ఏటి చివరి విడత చందన సమర్పణ జరుగుతుంది కనుక, చాలామంది దర్శనం కోసం అక్కడే ఆగిపోయారు, మేమూ ఆగాము.